తినలేదన్న బిడ్డ మాట

మా గల్లీ అంగన్‌వాడీ టీచరమ్మ గురువారం ఉదయం ఆరున్నరకు బోధన్‌లోని తన ఇంట్లో చనిపోయింది. గుండె బలహీనపడి రెండు నెలలుగా మంచం మీదే ఉంది. నిజామాబాద్‌లో మొబైల్ దుకాణంలో పనిచేసే ఆమె కొడుకు చివరి వారం సెలవు పెట్టి వచ్చి పక్కనే ఉన్నాడు. నాకు ఫోన్ చేసి, "అన్నా, అమ్మ వోయింది" అన్నాడు.  తర్వాత, "ఆటో ఆయనకు ఎవలు జెప్పాలె?" అని అడిగాడు.

బంధువులకు ఎవరు చెప్పాలని కాదు. ఆటో ఆయనకు ఎవరు చెప్పాలని. ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె ఇల్లు బోధన్‌లో మా పాత ఇంటికి ఎదురుగా ఉండేది. నేను అక్కా అని పిలిచేవాణ్ని. మిగతా గల్లీకంతా టీచరమ్మ. మా గల్లీ మొగన ఉన్న రోడ్డు మీదుగానే చెరుకు బండ్లు చక్కెర ఫ్యాక్టరీకి పోయేవి. మొదట ఎడ్లబండ్లు, తర్వాత ట్రాక్టర్లు. బండి వెనక ఉరికి చెరుకు గడ గుంజుకోవడం ఆ రోడ్డు పక్కన పెరిగిన ప్రతి పిల్లాడికీ వచ్చిన విద్య. సీజన్ మొదలైందంటే ఊరంతా తీపి వాసన. బట్టలకు అదే, తాగే నీళ్లకు అదే. గల్లీలో ఏ ఇంటి ముందు చూసినా నమిలి పడేసిన పిప్పి, దాని మీద చీమలు. ఆ నెలల్లో పిల్లలకు కడుపునొప్పి వస్తే ఎవరూ కారణం వెతికేవారు కాదు. చెరుకు తిన్నాడు, కడుపు నొస్తున్నది, అంతే. వాము నీళ్లు తాగించి, బొడ్డు చుట్టూ ఇంగువ రాసి పడుకోబెట్టేవారు. చాలాసార్లు తెల్లారేసరికి తగ్గిపోయేది కూడా. అందుకే ఆ నమ్మకం అంత గట్టిగా నిలిచింది.

టీచరమ్మ నడిపిన కేంద్రం రెండు రేకుల గదులు. పొద్దున పిల్లలు వచ్చే వేళకు ఆమె గడప పక్కన చిన్న పీట వేసుకుని కూర్చునేది. ప్రతి పిల్లా ఆమె ముందు ఆగాలి. నోరు తెరిచి 'హా' అనాలి. ఆమె ముందుకు వంగి ఆ ఊపిరి వాసన చూసేది. తర్వాత ఒకే ప్రశ్న అడిగేది, "ఏం దిన్నవ్ బిడ్డా?" పిల్ల ఏదో చెప్పేది. అప్పుడు లోపలికి పంపేది. గల్లీకి కొత్తగా వచ్చిన తల్లులు ఇది చూసి పళ్లు తోమారో లేదో చూస్తున్నదనుకుని ఇంట్లోనే పిల్లల నోళ్లు కడిగి తెచ్చేవాళ్లు. కేంద్రంలో వండిపెట్టే ఆయమ్మ మాత్రం రోజూ ఏదో ఒకటి అనేది. "మా టీచరమ్మ ముక్కుకు సర్కారు వేరే జీతమియ్యాలె. రోజు గింతమంది నోళ్లు వాసన సూసుడంటే మాటలా?"

ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. నాలుగేళ్ల పిల్లాడొకడు వచ్చి 'హా' అన్నాడు. టీచరమ్మ మొహం వెనక్కి తీసుకుంది.

"ఏం దిన్నవ్‌రా?"

"ఏం తినలె."

"మరి ఉల్లిగడ్డ వాసన ఎందుకొస్తుంది?"

"గది మా తాత దిన్నడు."

ఆయమ్మ గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు. "అట్లనా? మీ తాతకు జెప్పు, పొద్దుగాల గింత ఉల్లిగడ్డ తినొద్దని" అని వాణ్ని లోపలికి పంపింది. అబద్ధం అనే మాట ఆమె ఆ గడప దగ్గర ఎన్నడూ వాడలేదు. వాడనిచ్చేది కూడా కాదు. ఒక తల్లి తన కూతురి మీద చెయ్యెత్తి "అబద్ధాలు నేర్సింది టీచరమ్మా" అంటే, టీచరమ్మ ఆ చెయ్యి పట్టుకుని, "తినలేదంటే తినలేదనుకో. నీదేం వోతది?" అంది. ఆ తల్లికి అది మందలింపులాగే వినిపించి ఉంటుంది. అసలు సంగతి తెలిసినవాళ్లకు వేరేగా వినిపించేది.

ఆ సంగతి ఆమె నాతో ఒక్కసారే చెప్పింది. ఒక ఎండాకాలం గల్లీలో మంచినీళ్ల పైపులోకి మురుగు కలిసి ఇంటింటా పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. విలేకరిగా వార్త కోసం వెళ్లాను. ఆమె ఇంటింటికీ తిరిగి ఓఆర్‌ఎస్ పొట్లాలు పంచుతోంది. జనం పొట్లాలు తీసుకుంటున్నారు కానీ తాగించడం లేదు. నీళ్లు తాగిస్తే ఇంకా పోతాయని వాళ్ల భయం. ఒక ముసలావిడ మనవడికి పొద్దున్నుంచి చుక్క నీరు ఇవ్వలేదు. పిల్లాడి కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ఏడుస్తున్నాడు, కన్నీళ్లు రావడం లేదు.

"అవ్వా, పొద్దుగాల సంది మూత్రం వోసిండా?"

"నీళ్లే తాగలేదు, మూత్రమెక్కడిది?"

"గదే నేననేది. కిందికెళ్లి పోయినన్ని నీళ్లు మీదికెళ్లి ఇయ్యాలె. కక్కిండా? కక్కనియ్యి. జరసేపు ఆగి మల్ల ఒక్కొక్క చెంచా పొయ్యి. గిలాస ఎత్తి గటగట పొయ్యకు."

"నువ్వే పోసి సూడు, కక్కుతె నీ మీదనే కక్కుతడు."

"నా మీద కక్కితే కక్కనియ్యి. నా చీర కొత్తదేం గాదు."

అరుగు మీద కూర్చుని చెంచాతో పోస్తూనే ఉంది. పిల్లాడు ఆమె మీద కక్కాడు కూడా. ఆమె కొంగుతో తుడుచుకుని మళ్లీ పోసింది. మధ్యాహ్నానికి వాడు మూత్రం పోశాడు. అప్పుడు లేచింది. తిరిగి నడుస్తున్నప్పుడు అడిగాను, గడప దగ్గర ఆ వాసన చూడడం దేనికని. ఆమె నడక ఆపకుండానే చెప్పింది.

ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఆమె భర్త అక్కడ చెరుకు దించే పని చేసేవాడు. డ్యూటీ నుంచి వస్తూ కూతురికి ఒక గడ తెచ్చేవాడు. కూతురు ఒకటో తరగతి. కొడుకు అప్పటికి చంటివాడు. ఆ సీజన్‌లో పిల్ల నీళ్లు బాగా తాగడం మొదలుపెట్టింది. చెంబు కింద పెట్టేది కాదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ వచ్చింది. సన్నబడింది. పొడుగవుతున్నది కదా, అందుకే అనుకున్నారు. వాకిట్లో మూత్రం పోసిన చోట చీమలు చేరేవి. చీమలు లేని వాకిలి ఆ గల్లీలో ఎక్కడుంది?

తర్వాత కడుపునొప్పి అంది. వాంతులు చేసుకుంది. ఆ పైన అక్క మాటల్లోనే రాస్తాను.

"దగ్గరికి తీస్కుంటె నోరు తియ్యగ వాసనొచ్చింది తమ్మీ. పండ్లు మాగినట్టు. మల్ల చెరుకు తిన్నవా అన్న. తినలె అమ్మా అన్నది. అబద్ధమాడకు, నోరు వాసనొస్తుంది అని ఒక్కటి ఏసిన. ఏడ్సుకుంట మల్ల గదే అన్నది. తినలె అమ్మా. వాము నీళ్లు వోసిన. కక్కి కక్కి నీరసమైందని బెల్లం నీళ్లు వోసిన. తెల్లారి ఎగపోత వెట్టింది. ఉరికొచ్చినట్టు ఊపిరి తీసుడు. నిజామాబాద్ దవాఖానకు తీస్కపోయేసరికి పిలిస్తె పల్కలె."

పిల్లకు షుగర్ వ్యాధి ఉందని అక్కడి డాక్టర్ చెప్పాడు. చిన్నపిల్లలకు కూడా వస్తుందని, ముదిరితే కడుపునొప్పిలాగే మొదలవుతుందని, నోటి వాసన కూడా దానిదేనని చెప్పాడు. పిల్ల బతకలేదు. అంత్యక్రియలయ్యాక ఆమె భర్తను అడిగింది, ఆ వారం చెరుకు తెచ్చావా అని. తేలేదన్నాడు. తనకు ఆ వారం డ్యూటీయే పడలేదన్నాడు.

"నా బిడ్డ నాకు నిజం జెప్పింది. నేను అబద్ధమన్న" అంది అక్క.   తర్వాతి ఇంటి తలుపు కొట్టింది.

అంగన్‌వాడీ పని ఆ తర్వాతే దొరికింది. మొదటి రోజు నుంచే గడప దగ్గర పీట వేసుకుంది.

ఇక్కడ ఒక వాస్తవం రాయాలి. ఈ ఎండాకాలం వరకు వాసనతో ఆమె పట్టుకున్న బిడ్డ ఒక్కరూ లేరు. ఈ మాట నేను ఆమెతోనే అన్నాను. "ఒక్కలు గూడ దొర్కలె" అని ఒప్పుకుంది. "దొర్కొద్దనే గద సూస్తున్న." ఆ జబ్బు అరుదు. వాసన కూడా నమ్మదగ్గ గుర్తు కాదు. ఒక పిల్లల డాక్టర్‌ను అడిగితే, కొందరి ముక్కుకు ఆ వాసన అసలు తెలియనే తెలియదన్నాడు. వాసన కోసం ఆగొద్దు, దాహం, ఎక్కువగా మూత్రం, సన్నబడడం, వీటికి కడుపునొప్పో వాంతులో తోడైతే వేలి మీద చుక్క రక్తం తీసి అదే రోజు చూడాలన్నాడు. నేను ఆ మాట అక్కకు చేరవేశాను. "నాకు గూడ జెప్పిండ్రు తమ్మీ. గని ముక్కు ఊకోదు" అంది.

వాసనతో దొరకలేదు కానీ, రోజూ ప్రతి మొహం అంత దగ్గర నుంచి చూసే మనిషికి వేరేవి కనిపించేవి. మరుగుదొడ్డికి భయపడి రోజుల తరబడి బిగబట్టుకుని కడుపు నొస్తున్నదని ఏడ్చే పిల్లలను ఆమె నడక చూసి గుర్తుపట్టేది. వాళ్లను ఆయమ్మకు అప్పగించి, "ఈ పిల్లకు పండ్లు వెట్టు, నీళ్లు తాగియ్యి, దొడ్డికి కూసున్నప్పుడు కత జెప్పు" అనేది. ఆయమ్మ గొణిగేది. "దొడ్డికాడ కతలు జెప్పే నౌకరీ నాదే." చెప్పేది కూడా.

ఒకసారి కేంద్రానికి రావాల్సిన వయసు కూడా రాని పసివాడి విషయంలో ఆమె గొడవపడడం చూశాను. ఏడెనిమిది నెలలవాడు. కాళ్లు కడుపులోకి ముడుచుకుని గట్టిగా ఏడుస్తాడు, కాసేపటికి తెల్లబడి మెత్తబడిపోతాడు, మళ్లీ ఏడుస్తాడు. నాయనమ్మ కడుపు పట్టించడానికి పక్క వాడకు బయలుదేరింది. పేగు జరిగిందని కడుపు రుద్ది సరిచేసేవాళ్లు ఇక్కడ ఇప్పటికీ ఉన్నారు. టీచరమ్మ బట్ట విప్పి చూసింది. జిగురులా ఎర్రటి విరేచనం.

"నెత్తురు వడ్తుంది అత్తమ్మా. కడుపు ముట్టనియ్యకు. దవాఖానకు నడువు."

"మా పిల్లలందరికి కడుపు వట్టిచ్చినం. నువ్వు నిన్న మొన్న పుట్టినవ్."

"నిన్ననే పుట్టిన. నీ మనుమడు ఇయ్యాల సస్తడు."

ఆ మాటకు నాయనమ్మ తిట్టింది. తల్లి మాత్రం పసివాణ్ని తీసుకుని నడిచింది. పేగులో పేగు దూరిందని, ఇంకా ఆలస్యమైతే లోపల కుళ్లేదని నిజామాబాద్‌లో చెప్పారు. వాడు ఇప్పుడు బడికి పోతున్నాడు. నాయనమ్మ ఆ తర్వాత కూడా టీచరమ్మతో మాట్లాడలేదు.

కానీ ఆమె తప్పుగా భయపడిన సందర్భాలు చాలా ఎక్కువ. మామిడిపండు తిన్న పిల్లలను, చాక్లెట్ చప్పరించిన పిల్లలను, జలుబు చేసిన పిల్లలను పరీక్షలకు పంపింది. మా గల్లీలోనే ఉండే ఆటో ఆయన కొడుకును రెండుసార్లు పంపింది. రెండోసారి ఆయన పెళ్లి కిరాయి వదులుకుని నిజామాబాద్ పోయాడు. అక్కడ ఏమీ లేదన్నారు. "టీచరమ్మ ముక్కు నా కిరాయి తిన్నది" అని ఆయన స్టాండులో చెప్పుకుని నవ్వేవాడు. నవ్వులో కోపం ఉండేది. క్రమంగా గల్లీలో చాలామంది ఆమె పంపితే పోవడం మానేశారు. ఎదురుగా సరే అనేవారు, ఇంటికి పోయి ఊరుకునేవారు. ఆమెకు అది తెలుసు. "నా మాటకు విలువ వోతుంది తమ్మీ. అసలుది వచ్చిన్నాడు ఎట్ల?" అని ఒకసారి అంది.

ఫ్యాక్టరీ మూతపడింది. గేటుకు తాళం పడ్డాక ఊరి తీపి వాసన పోయింది. గల్లీ మగవాళ్లలో కొందరు గల్ఫ్ పోయారు, కొందరు ఆటోలు కొనుక్కున్నారు. అక్క భర్త ఏమీ కొనుక్కోలేదు. ఇంట్లో కూర్చున్నాడు, కొన్నేళ్లకు పోయాడు. ఇప్పుడు ఎప్పుడో ఒక చెరుకు ట్రాక్టర్ వేరే ఊరి ఫ్యాక్టరీకి ఆ రోడ్డున పోతుంది. వెనక ఉరికే పిల్లలు లేరు. ఎండాకాలం మూలమీద రసం బండి ఉంటుంది. అంతే మిగిలింది.

ఈ ఎండాకాలం మొదట్లోనే అక్క మంచం పట్టింది. కేంద్రం గడప దగ్గర పీట లేదు. ఆయమ్మ తలుపు తీసి, గుడ్లు ఉడకబెట్టి, అన్నం వండి, సాయంత్రం అక్క ఇంటికి వచ్చి వంట చేసిపెట్టేది.

ఆటో ఆయనకు కొడుకు తర్వాత ఒక కూతురు. ఐదేళ్లు. ఎండలు ముదిరాక ఆ పిల్లకు దాహం ఎక్కువైంది. ఎండాకాలం దాహం ఎవరికి ఉండదు? నాన్న రోజూ సాయంత్రం ఆటో ఆపి ఐసు వేసిన చెరుకు రసం తాగించేవాడు. పిల్ల రెండు గ్లాసులు తాగేది. తర్వాత కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి. రసంలో ఐసు మంచిది కాదనుకున్నారు. మానిపించారు.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల నాయనమ్మ టీచరమ్మను చూడడానికి వచ్చి, మాటల్లో మాటగా మనవరాలి కడుపునొప్పి చెప్పింది. జరిగింది నాకు ఆయమ్మ చెప్పింది. ఆమె అక్కడే బియ్యం ఏరుతోంది. టీచరమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"మూత్రానికి మాటిమాటికి వోతుందా?"

"నీళ్లు తాగుతది, పోస్తది. ఎండకాలం గాదా?"

"సన్నవడ్డదా?"

"తిన్నదంతా కక్కుతుంటే సన్నవడదా?"

"దాన్ని దీస్కరా. జల్ది దీస్కరా."

పిల్లను తెచ్చారు. నిలబడలేక నాయనమ్మ భుజం మీద వాలింది. టీచరమ్మను చూసి అలవాటుగా నోరు తెరిచి 'హా' అంది. టీచరమ్మ వాసన చూసింది.

"ఏం దిన్నవ్ బిడ్డా?"

"ఏం తినలె."

"రసం దాగినవా?"

"ఇయ్యాల తాగలె."

టీచరమ్మ ఆ మాట నమ్మింది. ఆటో ఆయనను పిలిపించింది. ఆయన గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, గిప్పటికి రెండుసార్లు ఉరికిచ్చినవ్. నీ ముక్కుకు దండం. సాయంత్రం కిరాయి ఉన్నది. పొద్దుగాలనే తీస్కపోత" అన్నాడు.

"పొద్దుగాలకు ఆగదు. ఇప్పుడే పో. నీ కాల్మొక్త బిడ్డా."

తల్లి వయసు మనిషి ఆ మాట అనేసరికి ఆయన కంగారుపడ్డాడు. సరే సరే అని పిల్లను ఎత్తుకుని వెళ్లాడు. వెళ్లింది నిజామాబాద్ కాదు, మూలమీద ఆర్‌ఎంపీ దగ్గరకు. వాంతులు ఆగడానికి సూది వేశారు. పిల్ల పడుకుంది. పొద్దుగూకే వేళ ఆయన కిరాయికి బయలుదేరుతూ గేటు బయటి నుంచే కేకేశాడు. "పండుకున్నది టీచరమ్మా. మందు వట్టింది, ఫికర్ చెయ్యకు."

లోపలి నుంచి ఆమె, "లేపి సూడు! నిన్ను గుర్తువడ్తదా సూడు!" అంది.

"పండుకున్న పోరిని ఎందుకు లేపుడు?" అని ఆయన వెళ్లిపోయాడు.

ఆమె మంచం దిగింది. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఊపిరి ఆడక కూలబడింది. ఆయమ్మ పట్టుకుని పడుకోబెట్టి, తానే ఆటో ఆయన ఇంటికి పోయి చెప్పింది. పిల్ల నిద్రపోతోంది, తెల్లవారగానే పోతామని ఇంట్లో ఆడవాళ్లన్నారు.  తిరిగొచ్చింది.

తెల్లవారాక పిల్ల ఉరికొచ్చినట్టు ఊపిరి తీస్తోంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, పిలిస్తే చూడడం లేదు. ఆటోలోనే నిజామాబాద్ తెచ్చారు. టీచరమ్మ కొడుకు ఫోన్ చేస్తే నేను ఆసుపత్రికి పోయాను. షుగర్ బాగా పెరిగి రక్తం విషంగా మారిందని, మెదడు వాచిందని డాక్టర్ చెప్పారు. నిద్ర అనుకున్నది నిద్ర కాదన్నారు. నిన్ననే తెచ్చి ఉంటే అని ఆటో ఆయన అడగబోయి ఆగిపోయాడు. డాక్టర్ కూడా ఆ మాట ఎత్తలేదు. మర్నాడు మధ్యాహ్నం పిల్ల చనిపోయింది. ఐసీయూ బయట ఆయన నా చెయ్యి పట్టుకుని, "అన్నా, టీచరమ్మకు జెప్పకు" అన్నాడు.

ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. గల్లీలో ఏడుపు వినిపించింది. నేను వెళ్లేసరికి ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నా అడుగు చప్పుడు విని, "తినలె అన్నది తమ్మీ" అంది. 

అప్పటి నుంచి ఆటో ఆయన రోజూ ఆమె ఇంటికి వచ్చి బయట అరుగు మీద కూర్చునేవాడు.  కిరాయిలకు పోలేదు. మూడో రోజు కాబోలు, ఆమె లోపలికి పిలిచింది. ఆమె కొడుకు అక్కడే ఉన్నాడు.

"నీ మాట నమ్మకపోతి టీచరమ్మా" అన్నాడాయన.

"నేను నా బిడ్డ మాటనే నమ్మలె. నిన్నేమంట?" అంది ఆమె. "కూసో. సాయ దాగు."

ఆయన చాయ్ తాగలేదు. ఆమె అప్పటికే అన్నం తినడం దాదాపు మానేసింది. మందులు కొడుకు బలవంతం మీద వేసుకునేది. గుండె జబ్బుతోనే పోయిందని డాక్టర్ కాగితం ఇచ్చారు. నేను దానికి వేరే అర్థాలు కలపను.

ఆమె పద్ధతి పనిచేసిందని నేను రాయలేను. ఒక్కసారి పనిచేసింది, ఆ ఒక్కసారి ఎవరూ వినలేదు. వినకపోవడానికి వాళ్లకు కారణాలున్నాయి. ఆ కారణాలు ఆమె చేతులారా తయారుచేసినవే. ఆమెకు ఇది అందరికంటే ముందు తెలుసు. ఇన్నేళ్లు వార్తలు రాశాను. తప్పు ఎవరిదో తేల్చుకుని ఊరుకోగలిగే సంఘటనలు కొంత తేలిక. ఇది అలాంటిది కాదు.

ఆమె గురించి రాస్తానని ఇదివరకు ఒకసారి అంటే, "నా మీద రాసి ఏంజేస్తవ్? పిల్లల సంగతి రాయి" అంది. కనుక రాస్తున్నాను. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు నీళ్లు, తిండి, తల్లిపాలు ఆపకండి. ఓఆర్‌ఎస్ చెంచాతో తాగించండి. చాలావరకు ఇంట్లోనే తగ్గుతాయి. కళ్లు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, మలంలో నెత్తురు పడినా, వాంతి పచ్చగా వచ్చినా, కడుపు గట్టిపడినా, తాగింది తాగినట్టు కక్కుతున్నా ఇంట్లో ఉండకండి. కడుపు రుద్దించకండి. దాహం, మూత్రం పెరిగి పిల్ల సన్నబడుతుంటే, దానికి కడుపునొప్పి తోడైతే అదే రోజు రక్తం చూపించండి. జబ్బు చేసిన పిల్ల నిద్రపోతే లేపి చూడండి. మిమ్మల్ని గుర్తుపట్టకపోతే అది నిద్ర కాదు. ఏమీ తినలేదని పిల్ల చెబితే, ముందు నమ్మండి.

గురువారం ఆటో ఆయనకు ఆయమ్మ చెప్పింది. ఆయన ఆటో తెచ్చి ఇంటి ముందు ఆపి, దాని పక్కన నిలబడ్డాడు. పాడె లేచాక అందరూ నడిచారు. ఆయన ఖాళీ ఆటోను వెనకే నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాడు.

శుక్రవారం పొద్దున ఆయమ్మ కేంద్రం తలుపు తీసింది. గుడ్లు పాడవుతాయని తీశానంది. నేను రోడ్డు మీద ఉన్నాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. ఇన్ని వారాలు నేరుగా లోపలికి పోయినవాళ్లే. ఆ రోజు మాత్రం ఎవరు చెప్పారో, ఏం విన్నారో, గడప దగ్గర ఆగారు. వరుసగా నిలబడ్డారు. ముందున్న పిల్లాడు మొహం పైకెత్తి, ఎవరూ లేని చోటికి 'హా' అన్నాడు.

"లోపటికి వోండ్రి" అంది ఆయమ్మ. ఎవరూ కదల్లేదు. వాడు మళ్లీ 'హా' అన్నాడు.

ఆయమ్మ వంగింది. వాసన చూసింది. నడుం మీద చెయ్యి వేసుకుని లేచి నా వైపు చూసింది. "నాకేం తెలుస్తది? తంబాకు తినీ తినీ నా ముక్కు ఎన్నడో సచ్చింది" అంది. పిల్లాడు ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు. "ఏం దిన్నవ్‌రా?" అని అడిగింది.

"ఏం తినలె."

ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. పిల్లలు గడప బయటే నిలబడ్డారు.

సోమవారం ఉదయం పది గంటలకు కేంద్రంలో గల్లీ పిల్లలందరికీ రక్తపరీక్ష శిబిరం ఉంది. ఒక్కరోజే. మంగళవారం నుంచి పక్క వార్డు టీచర్ వారంలో మూడు రోజులు వచ్చి ఇక్కడ కూడా చూసుకుంటుంది. ఆటో ఆయన తన కొడుకును సోమవారం తొమ్మిదింటికే తెచ్చి వరుసలో మొదట నిలబెడతానన్నాడు.